బొగ్గి కాన్పుకు రెండో దారి

ఆ ఉదయం రఘుపతి వేసుకున్న పథకంలో వంక పెట్టడానికి ఏమీ లేదు. డ్యూటీకి నాగా పెట్టాడు. వంటింటి మూలన తాను సొంతంగా చేసిన చెక్కపెట్టెలో భార్య సంధ్యారాణి పాత నూలు చీరలు పరిచాడు. చూలుతో ఉన్న పెంపుడు కుక్క బొగ్గి ముందు బొక్కల చారు పెట్టాడు. అది వాసన చూసి మొహం తిప్పుకుంది. తిండి మానేసిందంటే కాన్పు దగ్గర పడినట్టేనని పశువుల డాక్టరు ముందే చెప్పాడు. ఇక తలుపులు మూసుకుని కూర్చోవడమే మిగిలింది.

"అమ్మకు నిన్ననే కన్ను ఆపరేషన్ కాకుంటె నేను కదిలేదాన్నే కాదు," అంది సంధ్యారాణి, బెల్లంపల్లి బస్సుకు సంచి సర్దుకుంటూ. "డాక్టర్ సారు ఏం చెప్పిండో మళ్లొకసారి చెప్పు."

"చీకటి ఉండాలె. సప్పుడు ఉండద్దు. జనం అసలే ఉండద్దు."

"పోయినసారి ఏమైందో యాదుంది కదా?"

మరచిపోయేదైతే బాగుండేది. పోయిన వానాకాలం ఆ నల్లకుక్క పెరట్లో గోడవార బొరియ తవ్వుకుని అందులోనే ఈనింది. మధ్యాహ్నం పక్కనున్న ఓపెన్‌కాస్టు బొగ్గుగనిలో బ్లాస్టింగు జరిగితే క్వార్టర్ల కిటికీలు గలగలమనడం రోజూ ఉండేదే. ఆ రోజు మాత్రం నానిన మన్ను కూడా కూలింది. బొగ్గిని కాళ్లు పట్టి బయటికి లాగారు. పిల్లల్లో ఒక్కటీ దక్కలేదు. ఆ తర్వాత చాలా రోజులు అది ఆ మన్ను మీదే మూతి ఆనించి పడుకుంది.

రఘుపతి బొగ్గుగనిలో టింబర్‌మన్. పైకప్పు కూలకుండా దుంగలు నిలబెట్టడమే అతని బతుకుతెరువు. "గనిల అందరి నెత్తి మీద కప్పు ఆపుతవ్, ఇంటికాడ కుక్కపిల్లల మీద మన్ను ఆపలేకపోయినవ్," అని అప్పుడు సంధ్యారాణి అన్న మాట ముల్లులా గుచ్చుకుని ఉండిపోయింది. ఇవాళ గడప దాటుతూ దాని పక్కనే ఇంకొకటి దించింది.

"ఈసారి దానికేమన్న అయితే నేను మా అమ్మకాడనే ఉంట. నా కోసం రాకు."

ఆమె అటు వెళ్లగానే రఘుపతి పాల ప్యాకెట్ కోసం మూలమీది కొట్టుకు పోయాడు. వచ్చేసరికి పెట్టె ఖాళీ. పెరటి తలుపు ఓరగా తెరిచి ఉంది. రెండు రోజులుగా బొగ్గి గోకుతున్న గోడవారన కొత్త మన్ను, మన్ను వెనక నల్లటి బొరియ. నేల మీద బోర్లా పడి చెవి ఆనించాడు. లోపల్నుంచి సన్నగా, "కుయ్... కుయ్..."

"ఈనింది! మళ్ల గాణ్ణే ఈనింది!"

ఇనుప సలాక తెచ్చి బొరియ పైభాగాన మెల్లగా తట్టాడు. బోలుగా మోగింది. గనిలో అలా మోగితే మనుషులను వెనక్కి పిలిచేస్తారు. ఆకాశం వైపు చూశాడు. బ్లాస్టింగుకు ఇంకా టైముంది, కానీ ఎక్కువ లేదు. ఎదురు క్వార్టర్లో ఉండే ఫిట్టర్ గులాం అలీని కేకేశాడు.

"ఫికర్ ఎందుకు భాయ్? చెయ్యి పెట్టి గుంజు," అన్నాడు అలీ గడ్డపారతో వచ్చి.

"గుంజితె బెదిరి పిల్లల్ని కొరుకుతది. కప్పుకు దన్ను పెట్టాలె. కట్టెలున్నయా?"

కట్టెలు లేవు. రఘుపతి వంటింట్లోకి ఒకే ఒక్క పరుగు తీసి, కాన్పు కోసం అంత ముచ్చటగా చేసిన చెక్కపెట్టెను బయటికి తెచ్చి ముక్కలు చేశాడు. ఆ ముక్కలను బొరియ నోట్లో వరుసగా నిలబెట్టి, పైన అడ్డచెక్కలు బిగించాడు. చూడముచ్చటగా కుదిరింది. అక్కడితో ఆగి ఉంటే ఈ కథ ఉండేది కాదు.

గోడ మీద నుంచి ఒక బట్టతల లేచింది. అవతలి పెరడు లింగమూర్తిది. ఆయన గనిలో కార్మికుల మీద అజమాయిషీ చేసే ఓవర్‌మన్‌గా రిటైరయ్యాడు కానీ, ఆ సంగతి ఆయన గొంతుకు ఇంకా తెలియదు.

"రఘుపతీ! గాలెట్ల?"

"ఏం గాలి కాక?"

"ఇన్నేండ్లు గనిల ఏం నేర్సినవ్‌రా? ఒక్క దారి ఉన్న గనిల మనిషిని దింపద్దు. ఇది కూలితె లోపల ఉన్నది ఎటు రావాలె? రెండో దారి కొట్టాలె. నా దిక్కు నుంచి నేను కొడ్త, జరుగు!"

అది నిజంగానే నియమం. గోడ అవతల గడ్డపార పోట్లు మొదలయ్యాయి. వెంటనే లింగమూర్తి భార్య ఐలవ్వ గొంతు లేచింది.

"అయ్యో అయ్యో, నా చిక్కుడు పందిరి! డ్యూటీ దిగినంక గూడ ఈ ముసలోనికి తవ్వుడు రోగం పోలే!"

"చిక్కుడు మళ్ల కాస్తది. పాణం మళ్లొస్తదా? పక్కకు జరుగవే!"

మరో నాలుగు పోట్లు పడ్డాయో లేదో, ఠంగుమని ఇనుము మోగింది. ఆ వెనకే బుస్సుమని నీళ్లు. గోడ కింది నీళ్ల పైపు పగిలింది. ఆ నీళ్లు లింగమూర్తి తవ్విన వాలు వెంట చక్కగా బొరియలోకే పారాయి.

రఘుపతి నెత్తిన చేతులు పెట్టుకున్నాడు. మన్ను కింద ఒక ఈత పిల్లలు పోయాయి. ఈ ఈత నీళ్లలో పోతుంది. ఆ సంగతి సంధ్యారాణికి ఏ నోటితో చెప్పాలి?

"కాక, ఆపుండ్రి! మునిగిపోతయ్!"

"పంపు పెట్టి తోడుదాం. జల్ది!" అంటూ అలీ ఉరికి, తన బామ్మర్ది షెడ్డులోని పాత మోటారు మోసుకొచ్చాడు. వైరును లింగమూర్తి ఇంట్లోంచి లాగి స్విచ్చి వేశాడు. మోటారు ఒకసారి ఉరిమింది. ఆ లైను మొత్తానికి కరెంటు పోయింది.

ఫ్యాన్లు ఆగిన క్వార్టర్లలోంచి జనం బయటికి వచ్చారు. నైట్ షిఫ్టు చేసి పడుకున్నవాళ్లు లుంగీలు బిగించుకుంటూ వచ్చారు. "జనం ఉండద్దన్నడు డాక్టరు! మీకు దండం పెడ్త, పోండ్రి!" అని రఘుపతి బతిమాలాడు. ఆ మాటకు వెనక ఉన్నవాళ్లు కూడా ఏమైందో చూడాలని ముందుకు వచ్చారు. బకెట్లు వచ్చాయి. సలహాలు అంతకంటే ఎక్కువ వచ్చాయి.

ఇక లాభం లేదని రఘుపతి డ్యూటీ హెల్మెట్ పెట్టుకుని, టార్చి పట్టుకుని బొరియలోకి తల దూర్చాడు. నడుం దాకా వెళ్లాడు. బురద, చీకటి, ఎక్కడో లోపల ఆ సన్నటి ఏడుపు. "బొగ్గీ... నా తల్లీ... ఇటు రాయే," అని పిలిచాడు. బదులుగా ముక్కులోకి నీళ్లు వచ్చాయి.

ఆ సమయానికి వెనక నిలబడ్డవాళ్లలో ఎవరో వీడియో తీసి కాలనీ వాట్సాప్ గ్రూపులో పెట్టారు. అందులో కుక్క లేదు. దన్ను చెక్కలు, నీళ్లు, అరుస్తున్న జనం, మన్నులోంచి బయటికి వచ్చిన రెండు కాళ్లు ఉన్నాయి. ఆ కాళ్లను బెల్లంపల్లిలో సంధ్యారాణి వెంటనే గుర్తుపట్టింది. రఘుపతికి ఫోన్ చేసింది. అతని ఫోను జేబులో మునిగి ఉంది.

వీడియో చూసి ఎవరో ఫోన్ చేయడంతో ముందు అంబులెన్స్ వచ్చింది.

"పేషెంట్ ఎవరన్నా?" అన్నాడు డ్రైవరు.

"కుక్క," అన్నాడు అలీ.

డ్రైవరు ఏదో అనబోయాడు కానీ, అంతలో సైరన్ కూసింది. ఓపెన్‌కాస్టు బ్లాస్టింగు సైరన్. అందరి నోళ్లూ మూతపడ్డాయి. అలీ ఒక్క దూకు దూకి రఘుపతి కాళ్లు పట్టుకున్నాడు.

"ఇడువు అలీ భాయ్! దొరికేటట్టున్నది! ఇడువు!"

అలీ వదల్లేదు. బురదలో గీత పడేట్టు బయటికి లాగేశాడు. ధడాలుమంది. నేల ఒక్కసారి ఉలిక్కిపడింది. రెండు వైపులా తవ్వించుకుని, అడుగున నీళ్లు తాగిన ఆ గోడ, మోకాళ్ల నొప్పులున్న మనిషిలా మెల్లగా కూర్చుండిపోయింది, సరిగ్గా బొరియ మీద. దుమ్ము అణిగాక అవతల గడ్డపారతో లింగమూర్తి నిలువెల్లా కనిపించాడు.

లోపలి ఏడుపు ఆగిపోయింది.

రఘుపతి ఇటుకల మీద పడి చేతులతో తోడాడు. గోళ్లు చీలాయి. ఎవరూ సలహా ఇవ్వలేదు. కాసేపటికి తోడటం మానేసి, ఆ మన్ను మీదే చతికిలబడి చిన్నపిల్లాడిలా ఏడ్చాడు. పోయిన ఏడాది బొగ్గి పడుకున్న చోటే అది.

ఆటో ఆగిన చప్పుడైంది. సంధ్యారాణి జనాన్ని తోసుకుంటూ వచ్చింది. కంటికి కట్టుతో ఆమె తల్లి కూడా చెయ్యి పట్టుకుని వెనకే వచ్చింది.

"బతికే ఉన్నవా! నా పాణం తీసినవ్ గదయ్య!" అంటూ సంధ్యారాణి అతని భుజాల మీద గుద్ది, బురద మొహాన్ని కొంగుతో తుడిచింది. ఆ చెయ్యి మధ్యలో ఆగింది. "బొగ్గి ఏది?"

రఘుపతి ఇటుకల కుప్ప వైపు చూపించాడు.

ఆమె తిట్టలేదు. తిట్టినా బాగుండేది. లేచి, ఎవరినీ చూడకుండా ఇంట్లోకి నడిచింది. ఎందుకు వెళ్లిందో అతనికి తెలుసు. ఆమె సూట్‌కేసు పడకగదిలో మంచం కింద ఉంటుంది. వెంట వెళ్లి గుమ్మం దగ్గర నిలబడ్డాడు. వద్దని చెప్పే హక్కు తనకు లేదనిపించింది.

సంధ్యారాణి వంగి సూట్‌కేసు పట్టి లాగింది.

మంచం కింది నుంచి, "గుర్ర్..." అని వినిపించింది.

ఇద్దరూ మోకాళ్ల మీద పడ్డారు. సూట్‌కేసు వెనక, గోడ మూలన, రఘుపతి డ్యూటీ ప్యాంటు మీద బొగ్గి పడుకుని ఉంది. దాని పొట్టకు వరుసగా అతుక్కుని, చిన్న బొగ్గుపెళ్లల్లా తడితడిగా మెరుస్తూ పిల్లలు. అన్నీ కదులుతున్నాయి. బయట ఏం గోల మీకు అన్నట్టు బొగ్గి చిరాగ్గా చూసి, చివరి పిల్లను నాకడం మొదలుపెట్టింది.

సంధ్యారాణి అడిగింది. "ఇంట్ల సూసినవా?"

"పెట్టె సూసిన."

"మంచం కింద?"

బతుకంతా భూమి కింద వెతికినవాడికి మంచం కింద వెతకాలని తోచలేదు.

అలీ ఫోనులోంచి డాక్టరుకు కబురు వెళ్లింది. ఆయన సంతోషించాడు. "జనాన్నంత పెరట్ల ఆపి, ఇంట్ల చీకటి చేసి, ఫ్యాన్ సప్పుడు గూడ లేకుండ చూసినవట కదా? మంచి పని చేసినవ్ రఘుపతీ. ఇంత బాగ ఎవ్వరు చూసుకోరు."

సంధ్యారాణి సూట్‌కేసును వచ్చిన దారినే లోపలికి తోసింది. "నేను ఎటు పోను," అంది. "ఆ గోడ లేచేదాక నువ్వు గూడ ఎటు పోవు."

అప్పుడే అవతల ఐలవ్వ కెవ్వుమంది. అందరూ అటు పరుగెత్తారు. లింగమూర్తి కొట్టిన రెండో దారిలోంచి, నిలువెల్లా తడిసిన పందికొక్కు ఒకటి పిల్లను నోట కరుచుకుని బయటికి వచ్చింది. అప్పటికే తెచ్చి పెట్టిన పిల్లలు చిక్కుడు తీగల్లో "కుయ్ కుయ్" మంటున్నాయి. అది వాటిని ఒక్కొక్కటిగా ఐలవ్వ వంటింట్లోకి చేరవేయడం మొదలుపెట్టింది.

లింగమూర్తి గడ్డపార భుజాన వేసుకుని, కూలిన గోడ మీదుగా రఘుపతిని చూసి తృప్తిగా తలాడించాడు.

"నేను చెప్పలే? రెండో దారి లేకుంటె పాపం, గది సచ్చేది."