టేకు చెట్టు వెనక ఫిరంగి

పోగొట్టుకున్న అడవిలో కూడా ప్రతి చెట్టుకూ యజమానిగా కొనసాగడం గొప్ప ప్రభుత్వాల లక్షణం. బర్మాను జపాన్ వాళ్ళకు వదిలేసి సిమ్లా చేరిన సర్కారు, అక్కడి నుంచే బర్మా టేకును కాపాడేందుకు ‘శత్రు హస్తగత వృక్ష సంరక్షణ శాఖ’ను నెలకొల్పింది. (మనుషుల కోసం అలాంటి శాఖ ఉన్నట్టు మా దాకా కబురు రాలేదు.)

మా కొండ ఫిరంగిని ముక్కలుగా విప్పి, కంచర గాడిదల మీద మోయించి, వానలో బిగించాం. తీరా చూస్తే గొట్టానికి ఎదురుగా టేకు చెట్టు. పేలిస్తే గుండు దానికే తగిలి మా మీదే పగులుతుంది. ఫిరంగిని జరుపుదామంటే అటు లోయ, ఇటు బురద. చెట్టు నరకాలంటే ముందుగా దాని మీద శాఖవారి సుత్తి ముద్ర పడాలి. సుత్తి సిమ్లాలో ఉంది.

ఎదురు కొండ మీద మా నాయక్ మెహర్ ఖాన్, గుండు ఎక్కడ వేయాలో చెప్పడానికి టెలిఫోన్ పట్టుకుని కూర్చున్నాడు. అతనిదీ, మా ఫిరంగి నడిపే హవల్దార్ గజ్జన్ సింగ్‌దీ జేలం ఒడ్డున ఒకటే ఊరు.

“ఏరా గజ్జన్, రొట్టెలు కాల్చుకుంటున్నారా? కింద జపానోళ్ళు మోర్టార్లు దింపుతున్నారు.”

“చెట్టు అడ్డముందిరా.”

“నరికెయ్.”

“టేకు.”

“మామిడి అనుకుని నరికెయ్. సాక్ష్యం నేను చెప్తాలే.”

మా కెప్టెన్ హార్‌గ్రీవ్ పద్ధతైన మనిషి కాబట్టి వైర్‌లెస్‌లో అనుమతి అడిగాడు. రొమ్ము ఎత్తున చెట్టు చుట్టుకొలత ఎంతని శాఖ అడిగింది. (ఎవరి రొమ్మో చెప్పలేదు. మాలో పొడుగాటివాడికీ పొట్టివాడికీ కొలిచి సగటు పంపాం.) చెట్టు పూత మీద ఉందా అని మళ్ళీ అడిగింది. ఆ తర్వాత, శత్రువును కొంచెం ఎడమకు రప్పించే అవకాశం పరిశీలించారా అని అడిగింది.

“పరిశీలిస్తున్నారంట,” అని గజ్జన్ ఫోన్‌లో చెప్పాడు.

“నన్నా, చెట్టునా?” అన్నాడు మెహర్ ఖాన్. ఇంకేదో అనబోతుండగా లైను తెగింది. కొండ మీద పొగ లేచింది.

గజ్జన్ ఎవరినీ అడగకుండా గొడ్డలి అందుకున్నాడు. కెప్టెన్ అటు తిరిగి నిలబడ్డాడు. చెట్టు పడిన క్షణం నుంచి గొట్టం కాలిపోయేదాకా పేల్చాం. మర్నాడు ఆ కొండ మళ్ళీ మాదయింది. మెహర్ ఖాన్‌ను దుప్పట్లో చుట్టి దించుకొచ్చాం. గజ్జన్ ఏడ్చాడు, నేనూ ఏడ్చాను.

వారం తర్వాత విమానం నుంచి పారాచూట్ గొడుగు కట్టి సుత్తిని దింపారు. చెట్టు లేదు కాబట్టి మొద్దు మీద ముద్ర వేశాం. గజ్జన్ చేతి మీది హవల్దార్ పట్టీలు ఊడబీకారు. పడిన మానును సర్కారు ఆస్తిగా ప్రకటించి, దానికి కాపలా కూడా మాకే అప్పగించారు.

మెహర్ ఖాన్ సమాధి తలాపున నిలబెట్టడానికి ఆ మానులోంచి ఒక్క పలక ఇప్పించమని కెప్టెన్ స్వయంగా అడిగాడు. దీనికి మాత్రం శాఖ ఆలస్యం చేయలేదు. కుదరదని సాయంత్రానికల్లా జవాబిచ్చింది.