పడిపోయిన ఇల్లు, పూడిపోయిన ఇల్లు

ఒక పెద్ద అడవి ఓ పొద్దున్నే ఉన్నట్టుండి గడగడా వణికింది. చెట్లు కూలాయి, గూళ్లు చెదిరాయి. సూరమ్మ అనే ముళ్లపంది మేత ముగించుకుని పిల్లలతో వచ్చేసరికి బొరియ లేదు. అక్కడెప్పుడూ ఎవరూ కాపురమే చేయనట్టు నేల చదునుగా ఉంది.

రాజు సింహంగారు దయతలిచారు. పడిపోయిన ఇళ్లవారికి కొండమీది రాతిగుహలు ఇమ్మని ఉత్తర్వు వేశారు. పంచే పని తహసీల్దారు నక్కగారిది. ఆయనకు గుహలు తక్కువ, బావమరుదులు ఎక్కువ. అందుకని ఉత్తర్వును అక్షరం అక్షరం కూడబలుక్కుని చదివారు.

సూరమ్మ వెళ్లి మొరపెట్టుకుంది.

"ఇల్లు ఏమైందమ్మా?"

"పూడిపోయింది దొరా."

"అయ్యో, పడిపోయి ఉంటే ఇచ్చేవాణ్ణి. పూడిపోయినవాటి గురించి రాజుగారు ఏమీ సెలవివ్వలేదు."

ఒంటినిండా ముళ్లున్న సూరమ్మకు 'ప' పక్కన ఒక్క కొమ్ముదీర్ఘం అడ్డమొచ్చింది. ఆకాశంలో మబ్బులు కమ్ముతున్నాయి. చిన్నపిల్ల అప్పటికే దగ్గుతోంది. సూరమ్మకు ఏడుపొచ్చింది, దానికి మించి కోపమొచ్చింది. అయినా దిగమింగుకుని, ఒక్కసారి వచ్చి చూడమని కాళ్లావేళ్లా పడింది. సరే, బొరియ తవ్వి ఉంచు, కప్పు పడిన గుర్తు కనిపిస్తే ఆలోచిద్దాం అన్నారు నక్కగారు. వానలోపు అది తెమలదని ఆయన ధీమా.

సూరమ్మ గోళ్లు అరిగేలా తవ్వింది. నక్కగారు గుమాస్తా కొంగను వెంటబెట్టుకుని రాక తప్పలేదు. లోపలికి దూరి, కప్పు తట్టి చూసి, ఇల్లు భేషుగ్గా ఉంది కదా అంటుండగానే భూమి మళ్లీ కదిలింది. బొరియ మూసుకుపోయింది. తోక మాత్రం బయట మిగిలింది.

"పూడిపోయాను, తీయండి!" అని లోపల్నుంచి కేక.

కొంగ రూలు తప్పని జీవి. ఒంటికాలిమీద నిలబడి తోకతో వినయంగా మనవి చేసింది. "అయ్యా, పూడిపోయినవాటికి సాయం లేదని తమరే అన్నారు."

మట్టిలోంచి మాట మారింది.

"పడిపోయింది. ఇల్లు పూర్తిగా పడిపోయింది. నేనే సాక్షిని, రాసుకో."

కొంగ రాసుకుంది. సూరమ్మ అప్పటికే తవ్వుతోంది, ఎంతైనా జాలిగుండె. కాకపోతే కాస్త నింపాదిగా తవ్వింది.

వాన మొదలయ్యేసరికి పిల్లలు రాతిగుహలో వెచ్చగా పడుకున్నారు. మర్నాటినుంచి బొరియల్లో ఉండేవాళ్లంతా నక్కగారిని భోజనానికి పిలవడం మొదలుపెట్టారు. ఆయన గడప దాటి లోపలికి వెళ్లడం లేదు.

నీతి: భూకంపంలో ఇల్లు కూలితే చాలదు, కూలేటప్పుడు అధికారి లోపలుండాలి.