మంత్రిగారు తమ నవల తామే దిద్దుకొనుట

"నా నవలలో కామా అయినా, ఫుల్‌స్టాప్ అయినా నేనే పెట్టుకుంటాను. ఈ విషయంలో ఎవరి జోక్యాన్నీ సహించేది లేదు" అని ముద్రణ శాఖ మంత్రిగారు విలేకరుల సమావేశంలో ప్రకటించారు. విలేకరులు పది నిమిషాలు రాసుకున్నారు. ఉన్నది రెండు వాక్యాలే అయినా, మంత్రిగారు చూస్తుండగా పెన్ను ఆపడం మర్యాద కాదు కదా.

ఆ రోజు నేను వెనక వరసలో నిలబడి ఉన్నాను. ప్రభుత్వ ముద్రణాలయంలో పదకొండేళ్లుగా టెంపరరీ ప్రూఫ్ రీడర్‌ని. నన్ను పర్మనెంట్ చేసే ఫైలు మంత్రిగారి బల్ల మీద ఉంది. ఒక్క సంతకం బాకీ. నలభై అయిదేళ్లు నిండితే అర్హత పోతుందని రూలు. నాకు ఆ నెలాఖరుకు నిండుతాయి. అందుచేత మంత్రిగారి సాహిత్యం మీద నాకున్న అభిమానం అంతా ఇంతా కాదు.

స్వయంగా దిద్దుకోవడానికైనా ప్రభుత్వంలో ఒక పద్ధతి ఉంది. రాతప్రతికి ముందు ఫైలు నంబరు వేశారు. తర్వాత అది గుమాస్తా మొదలు సెక్రటరీగారి దాకా ఏడు బల్లలు ఎక్కింది. మా దగ్గర ఏ కాగితమైనా బల్ల మీద నుంచి కదలాలంటే దాని మీద ఏదో ఒక గుర్తు పడాలి. గుర్తు పడలేదంటే చదవలేదని అర్థం. గుమాస్తా పేజీకో కామా పెట్టాడు. తన హోదాకు కామా చాలదని సూపరింటెండెంటు సెమికోలన్ పెట్టాడు. డైరెక్టరుగారు అడ్డగీతలు గీశారు. సెక్రటరీగారు దొరికిన చోటల్లా ఆశ్చర్యార్థకాలు, అవీ మూడేసి చొప్పున, మంజూరు చేశారు. పైవాళ్లు పెట్టిన గుర్తు కిందివాళ్లు తీయకూడదు. కిందివాళ్లు పెట్టింది చూసే తీరిక పైవాళ్లకు ఉండదు. అలా రెండు వందల పేజీల నవల మూడు వందల పేజీలైంది.

అప్పుడు మంత్రిగారు నన్ను పిలిపించారు. గదిలో పీఏ, సెక్రటరీగారు, ఇంకో నలుగురు అధికారులు చేతులు కట్టుకుని నిలబడి ఉన్నారు.

"ఏమయ్యా ప్రూఫ్ రీడరూ, ఎలా ఉంది?"

"అద్భుతంగా ఉందండి."

"ఆ మాట అందరూ అన్నారు. నువ్వు నిజం చెప్పు."

నా నోరు ఊరుకుంటుందా! నవలలో పన్నెండో పేజీ ఒకటుంది. చనిపోయిన తండ్రి చెప్పుల్ని తల్లి ఎవరికీ ఇవ్వలేక, రోజూ తుడిచి గుమ్మం దగ్గరే పెట్టుకుంటుంది. ఒట్టేసి చెబుతున్నాను, ఆ పేజీ చదివి నాకు కళ్లు చెమర్చాయి. ‘తల్లి చెప్పులు తుడిచింది’ అన్న చోట ఇప్పుడు మాటలు మూడు, గుర్తులు తొమ్మిది ఉన్నాయి.

"పైకి చదువుకోండి సార్" అన్నాను. "ఊపిరి ఎక్కడ ఆగితే అక్కడే ఆపండి. అరవనక్కర్లేని చోట ఆశ్చర్యార్థకం తీసెయ్యండి. ఈ చెప్పుల దగ్గర ఒక్క ఫుల్‌స్టాప్ చాలు. చదివేవాడు తనంతట తనే ఆగుతాడు."

సెక్రటరీగారు నన్ను కొరకొరా చూశారు. మంత్రిగారు కళ్లజోడు సవరించుకుని పైకి చదివారు.

"తల్లి చెప్పులు తుడిచింది."

ఆగారు. గదిలో ఫ్యాను చప్పుడు తప్ప ఇంకేం లేదు. "అవి మా నాన్నవే" అన్నారు మెల్లగా. నా సంతకం వచ్చేసినట్టే అనుకున్నాను.

ఆ నిశ్శబ్దం భరించలేక పీఏ చప్పట్లు కొట్టాడు. వెంటనే అందరూ కొట్టారు.

మంత్రిగారి ముఖం వెలిగిపోయింది. "ఫుల్‌స్టాప్‌కి ఇంత పవరుందా?"

"ఉందండి!" అన్నారు అందరూ.

మరి ఉన్న పవరును వాడుకోకుండా ఉంటారా? "తల్లి. చెప్పులు. తుడిచింది." మూడుసార్లు చప్పట్లు. సాయంత్రానికల్లా నవలలో మాటకో ఫుల్‌స్టాప్ పడింది. అధికారుల అరచేతులు బూరెల్లా పొంగాయి. మర్నాడు సెక్రటరీగారు చప్పట్లకు షిఫ్టులు వేస్తూ సర్క్యులర్ జారీ చేశారు. మూడో రోజు తన షిఫ్టు వచ్చేసరికి ఆయనకే ఒక ఆలోచన తట్టింది.

"సార్, ఫుల్‌స్టాప్ పెడితే విషయం అయిపోయినట్టే. మూడు చుక్కలు పెడితే నడుస్తూనే ఉంటుంది."

మంత్రిగారు బల్ల చరిచారు. "ఇదయ్యా మన మేనిఫెస్టోలో జరిగిన పొరపాటు! అన్నిటికీ ఫుల్‌స్టాప్‌లు పెట్టేశాం!"

ఆవిష్కరణ సభ ఘనంగా జరిగింది. "మాటల్లో చెప్పలేనిది చుక్కల్లో చెప్పారు" అని ముఖ్య అతిథి కొనియాడారు. పన్నెండో పేజీ తిప్పి చూశాను. చుక్కల మధ్య ఎక్కడో తల్లి ఉంది. చెప్పులు కనబడలేదు. నాకు ఏడుపొచ్చినంత పనైంది, కానీ సంతకం కావాల్సినవాణ్ణి, నవ్వుతూ కూర్చున్నాను.

నెలాఖరు ఇంకా రెండు రోజులుందనగా కబురొచ్చింది. పరుగున వెళ్లాను.

"నీ ఫైలు చూశానయ్యా. నువ్వు నేర్పినట్టే, పైకి చదివాను" అన్నారు మంత్రిగారు.

"ధన్యుణ్ణి సార్."

"ఏముందిందులో? ‘ఇతనిని శాశ్వత ఉద్యోగిగా నియమించవచ్చును.’ ఫుల్‌స్టాప్. అంతే! చదివేవాడికి ఏం మిగిల్చావు?"

"చదివేది మీరే కదండీ."

"అందుకే అడుగుతున్నా."

ఫైలు నా వైపు తిప్పారు. సంతకం ఉండాల్సిన చోట మూడు చుక్కలున్నాయి. ముచ్చటగా, గుండ్రంగా, ఎర్ర సిరాతో.

"ఇప్పుడు బాగుంది" అన్నారు.

"మరి సంతకం సార్?"

"సంతకం పెడితే ముగిసిపోదూ?"

"ఎల్లుండితో నాకు నలభై అయిదు నిండుతాయండి. తర్వాత ఇక ఉద్యోగమే ఉండదు."

మంత్రిగారు కుర్చీలో నిటారుగా లేచి కూర్చున్నారు. "ఉత్కంఠ అంటే ఇదీ! ఇంత మంచి పాయింటు ఫైల్లో రాయలేదేమయ్యా?"

"ముగింపు ఎప్పుడిస్తారండీ?"

"రెండో భాగంలో."

"రెండో భాగం ఎప్పుడండీ?"

"మళ్లీ గెలిస్తే."

మెట్లు దిగుతుంటే మా ఆవిడ ఫోను. పొద్దుట్నుంచి అది నాలుగోసారి.

"ఏవండీ, మంత్రిగారు ఫైలు చూశారా?"

"చూశారు. బాగుందన్నారు" అన్నాను.