దర్జీగారి తోలుగుడ్లు

ఆ ఉదయం దర్జీ అనుకున్న పని చాలా చిన్నది. పెరట్లో కోళ్లు పెట్టిన గుడ్లను బుట్టలో సర్ది, సాయంత్రం బస్సుకు బదిలీ మీద వెళ్లిపోతున్న నర్సమ్మకు ఇచ్చి రావాలి. తుంటి ఎముక విరిగి మంచాన పడ్డ అత్తగారిని చేతికర్ర సాయంతో నాలుగడుగులు వేయించిన మహాతల్లి ఆవిడ. ఏమిచ్చినా తీసుకోదు. "మీ కోళ్ల గుడ్లయితే ఎప్పుడైనా తీసుకుంటాలెండి" అని ఒకసారి నోరు జారింది. దర్జీ ఆ మాట పట్టుకున్నాడు. ఆవిడ మాటంటే అతనికంత గురి. "పెద్దావిడ మాత్రలు వేసుకుంటున్నారో లేదో కాస్త చూడండి" అన్న దగ్గర్నుంచి రోజూ దగ్గరుండి మింగిస్తున్నాడు.

తీరా గూట్లో చెయ్యి పెడితే గుడ్డు మెత్తగా తగిలింది. పెంకు లేదు, పల్చటి తోలు మాత్రమే ఉంది. పక్కదీ అంతే. ఈ మధ్య ఒకటీ అరా ఇలా వస్తూనే ఉన్నాయి గానీ, ఈ రోజు మాత్రం కోళ్లన్నీ కూడబలుక్కున్నట్టు తోలుగుడ్లే పెట్టాయి.

"సున్నం తక్కువైతే అలాగే పెడతాయట. దాణా కొట్టాయన చెప్పాడు," అంది భార్య వంటింట్లోంచి.

సున్నం అనగానే దర్జీకి తన కుట్టుబల్ల గుర్తొచ్చింది. గుడ్డ మీద గీతలు గీసే సుద్దముక్కలు డబ్బా నిండా ఉన్నాయి. నీలం రంగువైతేనేం, సుద్ద సుద్దే కదా అనుకుని, మెత్తగా దంచి నూకల్లో కలిపి పెట్టాడు. సాయంత్రంలోపు నాలుగు గట్టి గుడ్లు రాకపోతాయా అని ఆశ. జీవితంలో ఏ కొలతా తప్పని మనిషి, ఆ పూట తప్పాడు.

కోళ్లు ఆబగా తిన్నాయి. ముక్కులు నీలం, కాళ్లు నీలం, రెక్కలు విదిలించుకుంటే ఒళ్లంతా నీలం. గోడ అవతల బట్టలారేస్తున్న రేడియో పిన్ని కంట్లో పడ్డాయి. వీధిలో ఏ వార్తైనా ఆవిడ నోటి నుంచే బయల్దేరుతుంది గనుక ఆ పేరు.

"కోళ్లు అలా అయిపోయాయేంటయ్యా?"

"ఏం లేదు పిన్నీ, మందు వేశాను."

మందు వేశాడంటే జబ్బున్నట్టే, కోళ్లకు జబ్బంటే అది మనుషులకు అంటుకునేదే. పిన్ని లెక్క అది. చూస్తుండగానే వీధిలో తలుపులన్నీ మూసుకున్నాయి. కుట్టడానికిచ్చిన గుడ్డ తిరిగిచ్చేయమని ఒకావిడ కిటికీలోంచే కేకేసింది. ఎదురింటాయన కోళ్లను పాతిపెట్టడానికి పలుగు పట్టుకుని వచ్చాడు. సామాను సర్దుకోవడం మధ్యలో వదిలేసి, ముక్కుకు గుడ్డ కట్టుకుని నర్సమ్మ పరిగెత్తుకొచ్చింది.

దర్జీకి తల కొట్టేసినట్టయింది. చేతులెత్తి దణ్ణం పెట్టాల్సిన మనిషిని ఆఖరి రోజున ఇలా పరుగులు పెట్టించాడు. అది జబ్బు కాదు, సుద్ద అని ఎంత మొత్తుకున్నా ఎదురింటాయన వినడే. గూటి తలుపు మీద చెయ్యి వేశాడు.

"ఆగు నాయనా. వాటి జోలికెళ్లావంటే ఊరుకోను."

అత్తగారు. పెరటి మెట్లు దిగొచ్చి గూటికి అడ్డంగా నిలబడింది.

"తప్పు వాటిది కాదు, నాది. ఆ ఎముకల మాత్రలు నా గొంతు దిగవు. మొదట్నుంచీ కిటికీలోంచి కోళ్లకే పడేసేదాన్ని. ఇప్పుడు అల్లుడు ఎదురుగా కూర్చుని, నేను మింగి నోరు తెరిచి చూపించేదాకా కదలడం లేదు. ఇంక వాటికేం మిగుల్తుంది?"

ఇన్నాళ్లూ గట్టి పెంకులుగా బయటికొచ్చింది అత్తగారి మాత్రల్లోని సున్నమన్నమాట. దర్జీకి నవ్వాలో ఏడవాలో తెలియలేదు.

"నాతో ఒక్క మాట చెప్పొచ్చుగా అత్తయ్యా?"

"చెప్తే ఇలా కూర్చోవడం మానేస్తావని. పనులన్నీ వదులుకుని అంత ఓపిగ్గా నా ఎదుట ఎవరు కూర్చుంటారు? అందుకే మింగాను."

నర్సమ్మ వింటూనే ఉంది గానీ, చూపు మాత్రం ఇటు లేదు. పెద్దావిడ చేతుల వైపే చూస్తోంది.

"మీ కర్రేది పెద్దమ్మా?"

అత్తగారు తన రెండు చేతులూ చూసుకుంది. కర్ర మంచం పక్కనే ఉండిపోయింది. ఎదురింటాయన పలుగు కింద పెట్టేశాడు.

నర్సమ్మ ముక్కుకు కట్టుకున్న గుడ్డ విప్పి కళ్లు తుడుచుకుంది. "ఇది చూడకుండానే వెళ్లిపోతాననుకున్నాను. ఇంతకంటే నాకేం ఇస్తారు దర్జీగారూ?"

"అంతా మీ చలవేనమ్మా," అన్నాడు దర్జీ చేతులు జోడించి.

"సగమే నాది. మింగించింది మీరు."

పోతూ పోతూ ఆ తోలుగుడ్లనే గిన్నెలో పెట్టించుకుని తీసుకెళ్లింది.

ఇప్పుడా ఇంట్లో మాత్రలు రెండు వాటాలు వేస్తున్నారు. నోరు తెరిచి చూపించమని కోళ్లను మాత్రం ఎవరూ అడగరు.