కప్పలగుంటకు రక్షణ ఉత్తర్వు

ఏ ప్రాణైనా బతకాలంటే గాలి, నీరు, తిండి, తలదాచుకునే చోటు ఉంటే చాలని బడిపుస్తకాలు చెబుతాయి. ఆ పుస్తకాలు రాసినవాళ్ళు ఏనాడూ ఆఫీసు మెట్లు ఎక్కినట్టు లేరు. అసలు కావలసింది ఫైలు. అదుంటే తక్కిన నాలుగూ లేకపోయినా రికార్డుల్లో నిక్షేపంగా బతికెయ్యవచ్చు.

ఈ సంగతి కప్పలక్కకు ఉద్యోగంలో చేరిన పదకొండేళ్ళకు గానీ తెలియలేదు. ఆవిడ జీవరక్షణ శాఖలో క్షేత్ర గణకురాలు. అంటే మోకాళ్ళ దాకా నీళ్ళలో దిగి ప్రాణుల్ని లెక్కపెట్టే మనిషి. (శాఖలో కాళ్ళు తడిసే ఉద్యోగం అదొక్కటే.) కప్పల లెక్కలో చెయ్యి తిరిగిపోవడంతో ఆవిడ అసలు పేరు జీతం పట్టీలో తప్ప ఎక్కడా మిగల్లేదు.

బస్సు డిపో వెనక ఒక గుంట ఉంది. దాన్ని పూడ్చి బస్సులు నిలుపుకుంటామనీ, అభ్యంతరం ఉంటే తొంభై రోజుల్లోగా చెప్పమనీ డిపోవాళ్ళు శాఖకు ఉత్తరం రాశారు. చూసి రమ్మని కప్పలక్కను పంపారు. ఆవిడ నలభై కప్పల్ని పట్టి, ఒక్కోదానికి రంగు చుక్క పెట్టి వదిలింది. గట్టు మీద నిలబడి చూస్తున్న డిపో వాచ్‌మన్, వీటిచేత కూడా ఓటు వేయిస్తున్నారా అమ్మా అని అడిగాడు. నాలుగు రోజులాగి ఆవిడ మళ్ళీ నలభై పట్టింది. ఎనిమిదింటికి చుక్క ఉంది. అంటే అయిదింట ఒకటి. మొదట చుక్క పెట్టినవి నలభై కాబట్టి గుంటలో మొత్తం రెండు వందల దాకా ఉన్నట్టు. వాటి కోసం వచ్చే కొంగలు, నీటిపాములు, తూనీగలు రెండో పేజీలో రాసింది. పూడ్చకూడదని మూడో పేజీలో రాసింది.

శాఖకు మూడంతస్తులు. కింద జనాభా విభాగం. ఒకచోట ఒకే జాతి ప్రాణులు ఎన్ని ఉన్నా వాళ్ళ సొత్తు. మధ్యలో సముదాయ విభాగం. వేర్వేరు జాతులు కలిసి బతుకుతుంటే వాళ్ళ పద్దు. పైన ఆవాస విభాగం. ప్రాణులతో వాళ్ళకు నిమిత్తం లేదు, అవి ఉండే చోటు మాత్రమే వాళ్ళది. ప్రకృతిలో ఈ మూడింటినీ విడదీయడం ఎవరి తరమూ కాలేదు గానీ, శాఖ భవనానికి లిఫ్టు లేకపోవడం వల్ల ఇక్కడ అనాయాసంగా కుదిరింది.

కింది అంతస్తు సూపరింటెండెంటు నివేదికను ముప్పై రోజులు చదివి ఆవిడను పిలిపించాడు. కంటితో చూసినవి డెబ్బై రెండు, రాసినవి రెండు వందలు, తక్కినవి ఎవరు చూశారని నిలదీశాడు. కప్పలక్క ఆయన బల్ల మీది గుండుసూదుల డబ్బా తీసుకుని, కొన్నిటికి సిరా పూసి, కలిపి, గుప్పెడు తీసి చూపించింది. ఆయనకు లెక్క అర్థమైంది. సంబరం కూడా కలిగింది. ఆ సంబరంలో రెండో పేజీ తిప్పాడు.

"ఇందులో కొంగలున్నాయి కదమ్మా. రెండో జాతి వస్తే నా చేతుల్లో ఉండదు. పైకి పట్టుకెళ్ళండి."

మధ్య అంతస్తులో అధికారిణి మర్యాదస్తురాలు. కూర్చోమని, ఈ ప్రాణులు కలిసి బతుకుతున్నాయనడానికి రుజువేమిటని అడిగింది. కొంగ కప్పను తింటుందని కప్పలక్క చెప్పింది.

"తినేసేదాన్ని కలిసి బతకడం అంటారా అండీ?"

"మా అత్తగారూ నేనూ పదహారేళ్ళుగా ఒకే వంటింట్లో ఉన్నామండీ. దాన్ని అందరూ కలిసి బతకడమనే అంటున్నారు."

అధికారిణి నవ్వింది. నవ్వి, "సభ్యుల మధ్య సఖ్యత కనబడుట లేదు" అని రాసి, సఖ్యతా విచారణకు నలభై రోజుల గడువు వేసింది.

ఆ విచారణ తేలకుండానే పైకెక్కి ఆవాస విభాగం గుమ్మం తొక్కేసరికి తొంభైలో ఎనభై ఒక్క రోజులు హరించుకుపోయాయి. అక్కడి అధికారి నెమ్మదైన మనిషి. గుంట ఫొటోలు చూసి ముచ్చటపడ్డాడు.

"చోటు బంగారంలా ఉందమ్మా. ఇందులో ప్రాణులుంటే కింది రెండు విభాగాల సంతకాలూ కావాలి. లేవని రాశారా, రేపే ఉత్తర్వు ఇస్తాను."

కప్పలక్క కిటికీలోంచి చూస్తే డిపో దగ్గర మట్టి లారీలు అప్పుడే బారులు తీరి ఉన్నాయి. చివరికి మొదటి రెండు పేజీలూ తీసేసి, నివాసులు అన్న గడిలో "లేవు" అని రాసింది. కప్పలకు చదువు రాదు కదా అని మనసుకు సర్దిచెప్పుకుంది.

అన్నమాట ప్రకారం మర్నాడే ఉత్తర్వు వచ్చింది. నివేదికలో ఉన్న స్థితిలోనే గుంటను శాశ్వతంగా కాపాడవలెనని అందులో ఉంది. లారీలు వెనక్కి మళ్ళాయి. వారం తిరక్కుండా రక్షణ సిబ్బంది వచ్చారు. నాచు గీకారు. అంచులకు సిమెంటు చేశారు. కప్పల్ని బకెట్లతో తోడి గోడ అవతల పారబోశారు. పైన వల కట్టారు. వాచ్‌మన్ కబురు పెడితే కప్పలక్క పరుగున వచ్చి అడ్డం పడింది. మేస్త్రీ కాగితం చూపించాడు.

"లేవని రాసుందమ్మా. లేనివాటిని మేమెలా తీస్తాం?"

కింద సంతకం ఆవిడదే. ఆ పూట ఇంట్లో ముద్ద దిగలేదు. ఏమయిందే అని అత్తగారు రెండుసార్లు అడిగింది. మూడోసారి అడగకుండా మజ్జిగ కలిపి పక్కన పెట్టింది.

వానలు మొదలయ్యాక ఒక ఉదయం వాచ్‌మన్ ఆవిడను డిపో షెడ్డు వెనక్కి తీసుకెళ్ళాడు. కప్పల్ని పారబోసిన గోడ పక్కనే, ఒకప్పుడు బస్సులు కడిగిన గొయ్యి అది. ఇప్పుడెవరికీ అక్కర్లేదు. మోకాలెత్తు నీళ్ళు, తుంగ, అంచున ఒంటికాలి మీద కొంగ. కప్పలు చెవులు చిల్లులు పడేలా అరుస్తున్నాయి. కప్పలక్క గట్టు మీద కూర్చుని కళ్ళు తుడుచుకుంది.

"రాసుకోరా అమ్మా?"

"వద్దులే అన్నా. ఎవరైనా అడిగితే, ఇక్కడ గొయ్యి ఉన్నట్టు కూడా చెప్పకు."

ఈ ఏడు వార్షిక నివేదికలో వల కట్టిన గుంట ఆదర్శ ఆవాసంగా ఎంపికయింది. కప్పల సంగతి శాఖకు ఇంకా తెలియదు కనుక, అవి క్షేమంగానే ఉన్నాయి.