నున్నటి మూతి మాణిక్యమ్మ

ఒక పెద్ద అడవిలో జరిగిన సంగతి ఇది. ఇందులో ఒక్క ముక్క అబద్ధమున్నా నాకు మిగిలిన రెండు పళ్ళూ ఈ క్షణమే ఊడిపోవాలి, ఒట్టు. ఎంత పెద్ద అడవంటే, ఈ చివర పిల్ల తుమ్మితే ఆ చివర నుంచి "చిరంజీవ" వినబడేసరికి ఆ పిల్లకి పెళ్ళయిపోయేది.

ఆ అడవి సభలో ముసలి కొండముచ్చు మాణిక్యమ్మ ముప్పై ఏళ్ళుగా అధ్యక్ష పీఠం కోసం కాచుకుని కూర్చుంది. ఆవిడ మూతి చుట్టూ ముడతలు నూట నలభై. ఒక్కో ముడతలో ఒక్కో చీమల సంసారం. పక్క ముడతలో వియ్యంకుల్ని చూడాలంటే చీమలు చద్దిమూట కట్టుకుని బయల్దేరేవి.

ఎవరి మూతికి ముడతలెక్కువైతే పీఠం వాళ్ళది. కుర్రజింక పోటీకొస్తుందన్న భయంతో ఆ రూలు ఒకప్పుడు మాణిక్యమ్మే రాయించింది.

ఇన్నాళ్ళకి ముసలి ఎలుగుబంటి పీఠం దిగింది. పది రోజుల్లో ప్రమాణ స్వీకారం. నక్క డాక్టరు నాగభూషణం పరిగెత్తుకొచ్చాడు.

"అమ్మగారూ, మీ బొమ్మ కొండ మీద చెక్కుతారు. వెయ్యేళ్ళు చూస్తారు. ఈ మూతితోనా?"

"నా మూతికేమొచ్చిందిరా?"

"ఎండు ఉసిరికాయలా ఉందని నేననలేదు. కోతులంటున్నాయి."

"ఎవర్తె అన్నది?"

"ఎవర్తయితేనేం? లేజరు చేయించుకోండి. పలుగురాయిలోంచి ఎండని సన్నగా లాగి పై తోలు కాలుస్తాను. కిందనుంచి పసిపాప తోలొస్తుంది. నెల రోజులు మాత్రం నవ్వకూడదు, అరవకూడదు, ఎండ తగలకూడదు."

పొగ లేచింది. మాణిక్యమ్మ పెట్టిన కేకకి మూడు కొండల అవతల నిండు చూలాలు ఏనుగమ్మ ఉలిక్కిపడి అక్కడికక్కడే ఈనింది. నూట నలభై చీమల సంసారాలూ గిన్నెలూ చెంబులూ సర్దుకుని వీధినపడ్డాయి.

పదో రోజున మాణిక్యమ్మ టేకాకు గొడుగేసుకుని సభకెళ్ళింది. మూతి గాజుగ్లాసే. ముడతలు లెక్కపెట్టే కొంగ గుమాస్తా ముక్కుతో నాలుగుసార్లు తడిమాడు.

"సున్నా."

"నేనయ్యా, మాణిక్యమ్మని!" పథ్యం చెడుతుందని పళ్ళ సందుల్లోంచే గొణిగింది.

"కావచ్చమ్మాయ్. రూలు రూలే."

"అది రాయించింది నేనేరా!"

"అవును, కింద నీ సంతకం కూడా ఉంది. ముడతల్లేనివాళ్ళు కొత్తగా చేరినట్టే లెక్క, సభకి నీళ్ళు మోయాలి. కుండ ఆ మూలనుంది చూడు."

అంతలో ఏనుగమ్మ పది రోజుల గున్నని వెంటేసుకుని వేడుక చూడ్డానికొచ్చింది. గున్నకి పుట్టుకతోనే మూతి నిండా ముడతలు. లెక్కపెట్టీ పెట్టీ కొంగకి ముక్కు వాచింది.

"నూట యాభై ఒకటి! అధ్యక్షులవారికి జై!"

అధ్యక్షులవారు పాలు తాగి పీఠమ్మీదే నిద్రపోయారు. ఇంత నిదానమైన అధ్యక్షుణ్ణి ఎన్నడూ ఎరగమని సభంతా మెచ్చుకుంది.

మాణిక్యమ్మ మూతి బిగించి కుండ మోసుకొచ్చింది. గున్న లేచి, కుండలో తొండం పెట్టి నీళ్ళు పీల్చి, కొంగ మొహాన కొట్టింది. గుమాస్తా తడిసిన దూదిపింజలా నిలబడ్డాడు. మాణిక్యమ్మ ఎంత ఆపుకున్నా ఆగక, పగలబడి నవ్వింది. నవ్వగానే మూతి పక్కన సన్నగా ఒక గీత పడింది.

తడుముకుని చూసుకుని, కుండ అక్కడే పారేసి కొంగ మీదికి ఉరికింది.

"రాసుకోరా, ఒకటి!"

కాబట్టి నీతి ఏమిటంటే, పీఠం ఎక్కాకే మూతి కాల్చుకోవాలి.

సరే, నవ్వింది చాలు గానీ, ఆ గూట్లో అద్దం ఉంటుంది, ఇలా పట్రా. నావెన్నున్నాయో లెక్కపెట్టుకోవాలి.