దశమభాగం కవరు

కృష్ణ కరకట్ట ఎక్కడ తెగుతుందోనని రేపల్లె జనమంతా ఇసుక బస్తాలు మోసిన వరద ఏడాది అది. వరద తీసింది, కోతలయ్యాయి, చర్చిలో కోత పండుగ వచ్చింది. ఆ ఆదివారం పొద్దున్నే శాలేమురాజు ఒక్కటే అనుకున్నాడు. ఈసారి బామ్మర్ది ఫిన్నీ నోరు మూయించాలి.

పోయినేడు ఫిన్నీ తెనాలి నుంచి వచ్చి దశమభాగం కవర్లో పదిహేను వందలు పెట్టాడు. పాస్టరుగారు పేరూ అంకే గట్టిగా చదివితే సంఘమంతా వెనక్కి తిరిగి చూసింది. రైసుమిల్లులో పదిహేనేళ్ళుగా కాటా దగ్గర కూర్చుని బస్తాలు తూస్తున్న శాలేమురాజు పేరుకు మాత్రం ఎవరూ తిరగలేదు. అందుకని ఈసారి ఆయన తన కవర్లో రెండు వేలు పెట్టాడు.

"శాలేమురాజు, దశమభాగం, రెండు వేలు!"

సంఘమంతా తిరిగింది. శాలేమురాజు ఛాతీ రెండంగుళాలు పొంగింది. అంతలో, మిల్లులో బస్తాలెత్తే చిట్టిబాబు వేళ్ళు మడిచి లెక్క కట్టాడు.

"పదో వంతు రెండు వేలైతే జీతం ఇరవై వేలేగా మామా! మాకు పన్నెండిచ్చి నీకు ఇరవయ్యా? కుర్చీలో కూర్చున్నందుకా?"

గొప్ప కోసం ఎక్కువ వేశానని చర్చిలో ఎలా చెబుతాడు? శాలేమురాజు నవ్వి ఊరుకున్నాడు. పక్క వరసలో భార్య కృపారాణి నవ్వలేదు.

"ఇరవయ్యా? ఇంట్లో తొమ్మిదని గదా చెప్పావ్?"

అసలు జీతం పన్నెండు. నెలనెలా మూడు వేలు ఆయన జేబులోనే ఆగిపోయేవి. కవర్లోకి ఎక్కినవీ అవే. అయితే ఆ తొమ్మిది మాట ఇంట్లో ఆగలేదు. అదే మిల్లులో బియ్యం చెరిగే కృపారాణి దాన్ని తోటి ఆడవాళ్ళందరికీ చెప్పింది. మనకు ఏడు, మగాళ్ళకు తొమ్మిది, రెండు వేలే గదా తేడా అని వాళ్ళంతా ఇన్నేళ్ళూ సర్దుకుపోయారు.

"పన్నెండంట వదినా!" అని కేక పెట్టింది వాళ్ళలో ఒకతైన ఏసమ్మ, ఆమెన్ అనాల్సిన చోట.

సోమవారం మిల్లు ఆగింది. ఎడంపక్క ఇరవై కావాలని మగవాళ్ళు, కుడిపక్క పన్నెండు కావాలని ఆడవాళ్ళు బైఠాయించారు. మధ్యలో బాపట్ల పోవాల్సిన లారీ హారన్ మీద హారన్ కొడుతోంది. యజమాని రామకృష్ణగారు చెమటలు కక్కుతూ వచ్చారు.

"ఏంటయ్యా శాలేమురాజూ, నీకు ఇరవై వేలు ఎవరిచ్చారు? అందరి ముందూ నిజం చెప్పు. లేదంటే కాటా దిగి ఇంటికెళ్ళు."

చెబితే ఇంట్లో అన్నం పుట్టదు. చెప్పకపోతే మిల్లులో పని పుట్టదు. శాలేమురాజు కళ్ళు మూసుకున్నాడు.

"పన్నెండేనండి. మూడు దాచుకున్నానండి. మా బామ్మర్ది మీద పంతంతో వేశానండి."

మగవాళ్ళు పగలబడి నవ్వి, తువ్వాళ్ళు దులుపుకుని లేచారు. ఆడవాళ్ళు లేవలేదు.

"ఆ మూడు సంగతి ఇంటికెళ్ళాక చూస్తా," అంది కృపారాణి. "మా ఏడు సంగతేంటండి?"

"బస్తాలెత్తేది మగాళ్ళు గదమ్మా!"

"ఈయన ఏ బస్తా ఎత్తాడండి? కాటా మీద అంకె చూసి రాయడమేగా! ఈయన మూడో తరగతి, నేను టెన్త్ పాసు. పదిహేనేళ్ళుగా ఆ కాటా పుస్తకం ఇంటికి తెస్తే కూడిపెట్టేది నేనండి."

యజమాని శాలేమురాజు వంక చూశారు. శాలేమురాజు నేల వంక చూశాడు. లారీ డ్రైవరు ఉత్త బండితోనే పోతానని ఇంజను స్టార్టు చేశాడు.

"సరే! రేపట్నుంచి కాటా నీదే, పన్నెండు. మిగతావాళ్ళ సంగతి రేపు మాట్లాడదాం. లెగండమ్మా ముందు!"

"మరి నేనండి?" అన్నాడు శాలేమురాజు.

"చెరుగుడుకి రా. ఏడు."

"ఏడా! పొద్దస్తమానం నడుం వంచి చెరిగితే ఏడేంటండి? ఇదెక్కడి అన్యాయమండి!"

మిల్లంతా గొల్లుమంది.

మర్నాడు పొద్దున్నే, గేటు తెరవకముందే, శాలేమురాజు చేట పట్టుకొచ్చి ఆడవాళ్ళ వరసలో అందరికంటే ముందు కూర్చున్నాడు. "ఒకే మిల్లు, ఒకే జీతం!" అని గొంతు చించుకున్నాడు. పదిహేనేళ్ళలో ఆ తేడా ఆయన కంటపడటం అదే మొదలు.